కొండదారికీ తారురోడ్డుకూ ఒకే టైరు

సాయంకాలం పూట ఫిలింనగరులోని ఫిలిం ఛాంబరు ముందునుంచి జూబిలీహిల్స్ చెక్‌పోస్టు దాకా నడచివెళ్ళేవారు ఒక సంగతి గమనించకుండా ఉండలేరు. ఇళ్ళ ముందు నిలిపి ఉంచిన బళ్ళలో ఎత్తయిన జీపు తరగతి వాహనాలు ఏటికేడు పెరుగుతున్నవి. 2020 అక్టోబరులో మహీంద్రావారి కొత్త థార్, 2023 జూన్‌లో మారుతీవారి జిమ్నీ, 2024లో అయిదు తలుపుల థార్ రాక్స్ అమ్మకానికి వచ్చినవి. ఒకప్పుడు అటవీశాఖ ఉద్యోగులకూ, తోటల యజమానులకూ, సినిమా కంపెనీల అవుట్‌డోరు యూనిట్లకూ మాత్రమే కావలసివచ్చిన వాహనం ఇవాళ మామూలు సంసారుల వాకిట్లో నిలుచున్నది.

ఆ బండి ఇంటికి వచ్చిన రెండు మూడు నెలలకు ఒక చర్చ బయలుదేరుతుంది. కంపెనీవారు బిగించి ఇచ్చిన టైర్లు చాలునా, లేక స్నేహితుడి బండికి ఉన్నటువంటి పెద్దపెద్ద దిమ్మల టైర్లు వేయించవలెనా అన్నది ఆ చర్చ. నాలుగు చక్రాలూ, స్టెప్నీ కలిపితే అయిదు టైర్లు. చిన్న ఖర్చు కాదు. ఖర్చు మాట అటుంచి, ఈ ఎంపికలో మనుష్యుల ప్రాణాలకు సంబంధించిన విషయం ఒకటి ఇమిడి ఉన్నది. అది నాకు తెలిసివచ్చిన తీరు ముందుగా మనవి చేస్తాను.

మా మేనల్లుడు సినిమాలకు లొకేషన్లు వెదికే పనిలో ఉన్నాడు. ఉదయం ఫిలింనగరులో బయలుదేరితే మధ్యాహ్నానికి వికారాబాదు దగ్గర అనంతగిరి కొండలలోనో, మరునాటికి మారేడుమిల్లి అడవి అంచులలోనో ఉండే ఉద్యోగం అతనిది. 2021లో విడుదలైన ‘పుష్ప’ చిత్రీకరణ మారేడుమిల్లిలో జరిగిన తరువాత ఆ వైపు తిరుగుడు ఎక్కువయినదని అతను అంటూ ఉంటాడు. బండి కొన్న ఏడాదే కంపెనీ టైర్లు తీసివేయించి, బురదనేలకోసం ప్రత్యేకంగా చేసిన టైర్లు వేయించినాడు. అవి చూడడానికి గంభీరంగానే ఉన్నవి. వీధి చివర మలుపు తిరుగుతూండగానే వాటి హోరు మా ఇంట్లోకి వినిపించేది.

జూన్ నెలలో తొలివాన పడిన రోజున అతను ఫిలింనగరు వాలులో దిగుతున్నాడు. ముందు పోతున్న ఆటో ఆగినది. ఇతను బ్రేకు తొక్కినాడు. బండి ఆగలేదు, సబ్బునీళ్ళ మీద పీట జారినట్టు జారి, ఆటోకు జానెడు దూరంలో నిలిచినది. ఆటోలో బడినుంచి వస్తున్న పిల్లలు ఉన్నారు. ఆ రాత్రి మా ఇంటికి వచ్చి, అన్నం కూడా సరిగా తినకుండా, “మామయ్యా, నాలుగు చక్రాలకూ శక్తి అందే బండి గదా, ఎందుకు ఆగలేదు?” అని అడిగినాడు.

ఈ ప్రశ్నలోనే పొరపాటు ఉన్నది. అతనొక్కడిదే కాదు, ఇటువంటి బండి కొన్నవారిలో చాలామందిది. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందడం బండిని కదిలించడానికి పనికివస్తుంది. ఆపడానికి దానివల్ల ఏమీ ఒరగదు. బ్రేకులు చిన్న కారుకైనా నాలుగు చక్రాలకూ ఉన్నవి. ఆపే పని అంతా కడపట నేలకు ఆనుకొని ఉన్న రబ్బరుమీద పడుతుంది. ఆ రబ్బరు ఎంత అన్నది లెక్కవేసి చూడండి. మనుషులతో కలిపి బండి బరువు 1,800 కిలోలు అనుకుంటే ఒక్కొక్క చక్రంమీద 450 కిలోలు పడుతుంది. టైరులో గాలి చదరపు అంగుళానికి 32 పౌండ్లు ఉన్నప్పుడు, అంటే గాలి కొట్టేవారి భాషలో 32 పాయింట్లు ఉన్నప్పుడు, నేలను తాకే చోటు సుమారు 200 చదరపు సెంటీమీటర్లు. పెద్దమనిషి అరచేతిని వేళ్ళతో సహా నేలమీద ఆనిస్తే దాదాపు అంత. నాలుగు టైర్లవీ కలిపినా దినపత్రికలో ఒక పుటలో సగానికి రాదు. రెండుటన్నులకు దగ్గరగా ఉన్న బరువునూ, అందులో కూర్చున్న సంసారాన్నీ తడిసిన వాలుమీద పట్టి నిలిపేది ఆ నాలుగు అరచేతులే.

అయితే ఆ అరచేతిలో కూడా అంతా రబ్బరు ఉండదు. మధ్యమధ్య గాడులు ఉంటవి. గాడులు ఎక్కువైనకొద్దీ బురదలో పట్టు పెరుగుతుంది, తారురోడ్డుమీద ఆనే రబ్బరు తగ్గుతుంది. టైరు ఎంపికలోని చిక్కంతా ఈ ఒక్క మాటలో ఉన్నది.

ఈ చిక్కు ఇవాళ పుట్టినది కాదు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో అమెరికా సైన్యం వాడిన విల్లీస్ జీపుకు ఆరు అంగుళాల వెడల్పుగల టైరు, పదహారు అంగుళాల రిమ్ము. ఆ టైరుమీద అడ్డంగా దిమ్మలు ఉండేవి; ముందుకు పోయినా, వెనుకకు వచ్చినా ఒకేరకంగా లాగేటట్టు వాటిని అమర్చినారు. మెత్తని నేలమీద అది బాగా పనిచేసినది. తడిసిన తారురోడ్డుమీద మాత్రం జారుతుందని ఆ జీపులు నడిపినవారందరూ ఎరుగుదురు. తరువాత ఫ్రాన్సులో మిషెలిన్ కంపెనీ 1946లో రేడియల్ టైరుకు పేటెంటు తీసుకొన్నది. ఇందులో లోపలి దారాలు ఒక అంచునుంచి మరొక అంచుకు అడ్డంగా సాగుతవి. వాటిపైన ఉక్కుతీగల పట్టా చుట్టి ఉంటుంది. పక్కగోడ మెత్తగా వంగుతుంది, నేలను తాకే భాగం చదునుగా నిలుస్తుంది. రేడియల్ నిర్మాణాన్నీ, దిమ్మల అమరికనూ జోడించి, రోడ్డుకూ అడవికీ ఉమ్మడిగా పనికివచ్చేటట్టు అమెరికాలో బి.ఎఫ్. గుడ్రిచ్ కంపెనీ 1976లో ఒక టైరు తెచ్చినది. దానినుంచే ‘ఆల్ టెర్రెయిన్’ అనే పేరు లోకంలో స్థిరపడినది. దుకాణాలలో ‘ఏ.టి.’ అంటారు. అదే సంవత్సరం మన కొండమీద అన్నపూర్ణా స్టూడియో వెలసినది. అప్పటికి ఈ ప్రాంతమంతా బండరాళ్ళూ, తుప్పలూ. ఆ టైరు అవసరం నిజంగా ఉండిన రోజులలో అది మనకు దొరకలేదు. దొరికేనాటికి ఇక్కడి గుట్టలన్నింటిమీదా నల్లని తారు పరచి ఉన్నది.

దుకాణదారు ముఖ్యంగా మూడు తరగతుల టైర్లు చూపిస్తాడు. మొదటిది ‘హెచ్.టి.’, రాజమార్గాలకు ఉద్దేశించినది. దగ్గరదగ్గర దిమ్మలు, సన్నని గాడులు, చప్పుడు తక్కువ. మూడవది ‘ఎం.టి.’, బురదకు ఉద్దేశించినది. మా మేనల్లుడు వేయించినది ఇదే. రెండింటికీ నడుమ ఉన్నది ఏ.టి. ఈ నడిమి తరగతిలో కూడా రోడ్డువైపు మొగ్గేవి, అడవివైపు మొగ్గేవి అని తేడాలు ఉన్నవి. పేరు చూచి సరిపెట్టుకొనక, టైరును వెలుతురులో పెట్టి దాని ముఖం పరీక్షించాలి. దిమ్మలమీద బ్లేడుతో కోసినట్టు సన్నని గీతలు ఉన్నవా అని చూడండి. తడిరోడ్డుమీద దిమ్మ కింద నిలిచిన పలుచని నీటిపొరను ఆ గీతల అంచులు తుడిచివేస్తవి. బురద టైర్లకు ఈ గీతలు చాలా తక్కువ. వాలుమీద మా మేనల్లుడి బండి జారడానికి రెండు కారణాలు కలిసివచ్చినవి: ఆనే రబ్బరు తక్కువ, నీటిని తుడిచే అంచులు తక్కువ. పైగా వేసవి అంతా రోడ్డుమీద పేరుకొన్న దుమ్మూ, నూనెచుక్కలూ తొలివానలో కలిసి జిగటపొర అయినవి. ముసురుపట్టిన పదవనాడు ఇంతగా జారదు.

తడిరోడ్డుమీద పట్టు ఎంత ఉండాలన్నది ఇప్పుడు కేవలం తయారీదారుల ఇష్టం కాదు. కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ 2022లో ప్రకటించిన నిబంధనల ప్రకారం తడిమీద పట్టు, దొర్లేటప్పటి నిరోధం, చప్పుడు అనే మూడింటికీ పరిమితులు ఏర్పడినవి. ఇది మంచి మార్పు. అయినా పరీక్షలో నెగ్గిన రెండు టైర్ల మధ్యకూడా తేడా చాలా ఉంటుంది.

ఇక ఈ బండి ఎక్కడెక్కడ తిరుగుతుందో ఆలోచించవలసి ఉన్నది. మన రాష్ట్రాలలో నేల అంతా ఒక తీరుది కాదు. ఒక్కొక్క నేల టైరును ఒక్కొక్క విధంగా పరీక్షిస్తుంది.

హైదరాబాదు చుట్టూ ఉన్నది నల్లసేనపురాయి, అనగా గ్రానైటు. గుండ్రని గుండ్లు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఉంటవి గాని, క్వారీల దగ్గరా, కొత్తగా పగులగొట్టిన చోటులా ఆ రాయి కత్తి అంచువలె ఉంటుంది. ఇక్కడ దెబ్బ తగిలేది టైరు ముఖానికి కాదు, పక్కగోడకు. ముఖంమీద మేకు దిగితే పంక్చరు వేయవచ్చును. పక్కగోడ చీలితే ఆ టైరు పని అయిపోయినట్టే; దానికి వేసే అతుకు నమ్మదగినది కాదు. అందుచేత రాతినేలలో తిరిగేవారు పక్కగోడకు ఎన్ని పొరలు ఉన్నవో అడిగి తెలుసుకోవాలి. మంచి ఏ.టి. టైర్లలో కొన్నింటికి రెండుకు బదులు మూడు పొరలు ఉంటవి. భుజాలమీద దిమ్మలు పక్కగోడ మీదికి కొంత దిగివచ్చినవి రాతి రాపిడికి తట్టుకొంటవి.

ఎర్రని చెల్క నేలలలోనూ, మొరం పరచిన పల్లెదారులలోనూ ఏ.టి. టైరుకు సాటి లేదు. గులకరాయి గాడిలో ఇరుక్కొనకుండా గాడి అడుగున చిన్న బుడిపెలు పెట్టి ఉంటారు. అవి రాతిని బయటికి నెట్టుతవి. తెలంగాణలో తారురోడ్డు దిగి ప్రయాణం చేసేవారికి తరచుగా తటస్థపడేది ఈ నేలే. కాబట్టి ఈ టైరు మనకు ఒకవిధంగా సొంత టైరు అనవచ్చును.

నల్లరేగడి సంగతి వేరు. తాండూరు, జహీరాబాదు ప్రాంతాల పొలాలలో వానాకాలం అడుగుపెట్టినవారికి చెప్పనక్కరలేదు. రెండడుగులు వేసేసరికి చెప్పు బరువు శేరు పెరుగుతుంది. ఆ బంకమట్టి నీరు పీల్చి ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. తడిసిన రేగడిలో ఏ.టి. టైరు గాడులు పది గజాలు పోయేలోగా పూడుకొనిపోతవి. ఆ తరువాత చక్రం గుండులాగా నున్నగా తిరుగుతుంది. బురద టైరు గాడులు వెడల్పయినవి గనుక తిరిగే వేగానికి మట్టిని విదిలించివేస్తవి. అక్కడ దాని గొప్పతనం ఒప్పుకొని తీరాలి. కాని వానాకాలంలో రేగడిపొలంలోకి బండి తోలవలసిన అగత్యం ఎందరికి ఉన్నది? పొలం ఆసామికి ట్రాక్టరు ఉన్నది. మిగిలినవారు వాన వెలసిన రెండుమూడు రోజులకు పోయినా కొంపలు మునిగేదేమీ లేదు.

గోదావరి, కృష్ణ ఇసుకతిన్నెలమీద కథ మళ్ళీ తారుమారు. పెద్ద దిమ్మలు ఇసుకలో పలుగులవలె తవ్వుకొనిపోయి బండిని ఇరుసుదాకా దింపుతవి. ఇసుకలో కావలసినది తవ్వడం కాదు, తేలడం. అందుకు టైరు ముఖంకన్న లోపలి గాలి ముఖ్యం. ఆ ప్రస్తావన ముందు వస్తుంది. తూర్పుకనుమల ఘాటురోడ్లమీద తారు ఉన్నది గాని, మలుపుల దగ్గర పొగమంచూ, రాలిన ఆకులూ, కొండవాగు తెచ్చిన మట్టీ ఉంటవి. అక్కడ కూడా తడిపట్టే ప్రధానం. ఇంకొక మాట. అడవిలోపలి దారులలోకి అనుమతి లేకుండా బండి తోలడం నేరం. టైరు మంచిదయినంతమాత్రాన దారి మనది కాబోదు.

టైరు పక్కగోడమీది అంకెలు చదవడం నేర్చుకొంటే దుకాణదారు మాటమీద ఆధారపడవలసిన అవసరం సగం తగ్గుతుంది. 2020 నాటి థార్‌కు రెండు కొలతల టైర్లు వచ్చినవి. ఒకటి 245/75 ఆర్ 16, రెండవది 255/65 ఆర్ 18. మొదటి అంకె వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండవది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు నూటికి ఎంతో చెబుతుంది. ‘ఆర్’ అంటే రేడియల్. చివరిది రిమ్ము వ్యాసం, అంగుళాలలో. లెక్క కట్టితే మొదటి టైరు మొత్తం వ్యాసం 774 మిల్లీమీటర్లు, రెండవదానిది 789. పదిహేను మిల్లీమీటర్లే తేడా. కాని పక్కగోడ చూడండి: పదహారు అంగుళాల రిమ్ముమీద 184 మిల్లీమీటర్లు, పద్ధెనిమిది అంగుళాలదానిమీద 166. రాతినేలమీద దెబ్బను మింగేది ఈ గోడలోని గాలిమెత్త. పెద్ద రిమ్ము చూపులకు అందంగా ఉన్నదని ఎక్కువ డబ్బు పోసి కొన్నవారికి గతుకులో తక్కువ రక్షణ దొరుకుతుందన్నమాట. ఈ వింత బండి అమ్మేచోట ఎవరూ చెప్పరు. జిమ్నీ టైరు 195/80 ఆర్ 15. ఇరుకైనదే గాని, బండి తేలిక గనుక దానికి అది చక్కగా సరిపోతుంది.

ఈ కొలతల తరువాత ఒక అంకె, ఒక అక్షరం ఉంటవి. 112 అని ఉంటే ఆ టైరు 1,120 కిలోలు మోయగలదు. 100 అయితే 800 కిలోలు. అక్షరం వేగానికి గుర్తు: ‘క్యూ’ అంటే గంటకు 160 కిలోమీటర్లు, ‘ఎస్’ 180, ‘టి’ 190, ‘హెచ్’ 210. కంపెనీ ఇచ్చిన టైరుమీద ఉన్నవాటికి తక్కువ కానివే తీసుకోవాలి. కొన్నింటిమీద ముందుగా ‘ఎల్.టి.’ అని ఉంటుంది. అవి చిన్న లారీల తరగతివి. గోడలు గట్టివి, కాని అదే బరువు మోయడానికి వాటిలో గాలి ఎక్కువ కొట్టాలి. తేలికబండికి ఇవి వేస్తే నడుము నొప్పే లాభం.

నాలుగు అంకెల గుర్తు మరొకటి వెదకండి. 2224 అని ఉంటే అది 2024వ సంవత్సరం 22వ వారంలో తయారయినది. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. మన పేటలో ఇది ముఖ్యం. ఎందుకంటే ఇక్కడ పెద్ద ఇళ్ళలో నెలకొకసారి కదిలే బళ్ళు చాలా ఉన్నవి. గాడులు కొత్తగానే కనబడుతవి, కాని పక్కగోడమీద ఎండకు సన్నని పగుళ్ళు పట్టి ఉంటవి. ఆరేళ్ళు దాటిన టైరును ఏడాదికొకసారి తెలిసినవారికి చూపించాలి. పదేళ్ళు దాటినదాన్ని ఎంత కొత్తగా ఉన్నా తీసివేయాలి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే చట్టప్రకారమే అది పనికిరాదు. వానాకాలపు వాలుమీద అంతవరకు ఆగడం కూడా సాహసమే అని నా అభిప్రాయం.

కొలత పెంచుదామా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. 245/75 ఆర్ 16 స్థానంలో 265/75 ఆర్ 16 వేయించినారనుకోండి. వ్యాసం 774 నుంచి 804 అవుతుంది. బండి కింద ఎత్తు పెరిగేది అందులో సగం, పదిహేను మిల్లీమీటర్లు. మన బొటనవేలి వెడల్పు కంటె తక్కువ. దానికి చెల్లించే మూల్యం చూడండి. చక్రం చుట్టుకొలత నూటికి దాదాపు నాలుగు పెరిగినది గనుక వేగసూచిక అంతమేరకు తక్కువ చూపుతుంది. గేర్లన్నీ కొంచెం బరువెక్కినట్టు అవుతవి. ఎక్కువ బరువైన చక్రాన్ని తిప్పడానికి, ఆపడానికి అదే ఇంజను, అవే బ్రేకులు పనిచేయాలి. పూర్తిగా తిప్పినప్పుడు టైరు మడ్‌గార్డుకు రాచుకొనవచ్చును. రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను నిషేధిస్తున్నది. ప్రమాదం జరిగినప్పుడు బీమావారు ఈ సంగతి ఎత్తకుండా ఊరుకోరు. కాబట్టి బండి తయారీదారు అనుమతించిన కొలతలలోనే, వాటిలో రిమ్ము చిన్నది, గోడ ఎత్తయినది ఎంచుకోవడం మేలు.

కంపెనీ పేరు చెప్పమని అడిగేవారు ఉంటారు. ప్రసంగంలో ఒక సరుకును సిఫారసు చేయడం మర్యాద కాదు. సియట్, అపోలో, ఎం.ఆర్.ఎఫ్., జె.కె., యొకొహామా మొదలయినవారందరూ ఈ తరగతి టైర్లు అమ్ముతున్నారు. సదాశివపేట దగ్గర ఎం.ఆర్.ఎఫ్.వారికి, తిరుపతి జిల్లా చినపాండూరులో అపోలోవారికి కర్మాగారాలు ఉన్నవి. టైరు దూరదేశపు వస్తువు అన్న భావం మనకు అక్కరలేదు. పేరుకంటె పైన చెప్పిన గుర్తులే ముఖ్యం.

ఇప్పుడు గాలి విషయం. మంచి టైరు కొని గాలి సంగతి పట్టించుకొననివాడికంటె, మామూలు టైరుకు గాలి సరిగా చూచుకొనేవాడు అడవిలో ఎక్కువ దూరం పోగలడు. 32 పాయింట్ల గాలితో టైరు నేలను తాకే చోటు 200 చదరపు సెంటీమీటర్లని ముందు అనుకొన్నాము. గాలి 18 పాయింట్లకు దించితే అది సుమారు 350 అవుతుంది. తాకే చోటు పొడవుగా సాగి, ట్యాంకుపట్టావలె ఇసుకమీద తేలుతుంది. రాతిమీద అయితే రాతి ఆకారానికి ఒదిగి పట్టుకొంటుంది. ఒక్క పైసా ఖర్చు లేకుండా, నాలుగు నిమిషాలలో, టైరు తరగతి మారినంత పని జరుగుతుంది. గోదావరి ఇసుకలో దిగబడ్డ బండిని లాగడానికి ట్రాక్టరుకోసం కబురు పెట్టేముందు గాలి తీసి చూచినవారు చాలాసార్లు తమంతట తామే బయటపడతారు.

దీనికి రెండు కట్టుబాట్లు ఉన్నవి. 15 పాయింట్లకు దిగువకు పోతే మలుపులో టైరు అంచు రిమ్మునుంచి ఊడివచ్చే ప్రమాదం ఉన్నది. రెండవది ఇంతకంటె ముఖ్యం: తక్కువ గాలితో గంటకు ముప్ఫై కిలోమీటర్లకు మించి పోరాదు, తారురోడ్డు ఎక్కకముందే మళ్ళీ నింపుకోవాలి. గాలి తక్కువయిన టైరు ప్రతి చుట్టుకూ నలిగి వేడెక్కుతుంది. 158 కిలోమీటర్ల మన అవుటర్ రింగురోడ్డుమీద, మే నెల ఎండలో, అనంతగిరినుంచి తిరిగివస్తూ గాలి నింపుకోవడం మరచి వంద కిలోమీటర్ల వేగంతో పోతే లోపలి పొరలు విడిపోయి టైరు పేలిపోవచ్చును. కనుక చిన్న గాలిపంపు, నమ్మకమైన గాలిసూచిక బండిలో ఉండితీరాలి. ఈ రెండూ లేనివారు అడవిదారిలో గాలి తీయకుండా ఉండడమే క్షేమం.

ఇంట్లో ఉన్నప్పుడు గాలి ఉదయంపూట, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. వేడి అయిదారు డిగ్రీలు పెరిగితే గాలి ఒక పాయింటు పెరుగుతుంది. మధ్యాహ్నం పెట్రోలుబంకులో చూచి “ఎక్కువయినది, తీసివేయి” అంటే, మరునాడు తెల్లవారేసరికి అది తక్కువవుతుంది. ఎంత ఉండవలసినదీ డ్రైవరు తలుపు దగ్గర అంటించిన చీటీమీద రాసి ఉంటుంది. టైరు పక్కగోడమీద ఉన్నది గరిష్ఠపు హద్దు. ఈ రెండింటినీ ఒకటిగా భావించి గట్టిగా నింపించేవారు ఉన్నారు. అటువంటి టైరు నడుమ మాత్రమే నేలను తాకి, తడిరోడ్డుమీద ఇంకా ఎక్కువ జారుతుంది.

నాలుగు చక్రాలకూ శక్తి అందే బండికి నాలుగు టైర్లూ ఒకే కొలతవి, ఒకే నమూనావి, ఇంచుమించు ఒకే అరుగుదలవి కావాలి. రెండు పెద్దవి, రెండు చిన్నవి అయితే శక్తిని పంచే గేరుపెట్టె లోపల పోరు మొదలవుతుంది. స్టెప్నీని కూడా వరుసలో చేర్చి, ఎనిమిది పదివేల కిలోమీటర్లకొకసారి అయిదింటినీ చోటు మార్పిస్తే అన్నీ సమంగా అరుగుతవి. వెనుక తలుపుకు తగిలించి ఎండలో వదిలిన కొత్త స్టెప్నీ ఏనాటికో అవసరపడ్డప్పుడు పెళుసుబారి ఉండడం చాలామందికి అనుభవమే.

ఇంతా విని, “అయితే నేను ఏది కొనాలి?” అని అడిగితే నా సమాధానం ఇది. ఏడాదిలో తిరిగిన దూరం ఒక కాగితంమీద వేసి, అందులో తారు ఎంత, మట్టి ఎంత అని విడదీయండి. ఇల్లు, స్టూడియో, బడి, దుర్గంచెరువు తీగల వంతెన మీదుగా ఆఫీసు అన్నదే తిరుగుడు అయితే హెచ్.టి. చాలును, బండి ఎంత ధీరంగా కనబడినా సరే. నూరు కిలోమీటర్లలో పదో ఇరవయ్యో పల్లెదారులూ, కొండదారులూ ఉంటే రోడ్డువైపు మొగ్గే ఏ.టి. తీసుకోవాలి. ఇంధనం కొద్దిగా ఎక్కువ పోతుంది, కొద్దిగా హోరు ఉంటుంది, దానికి సమ్మతించాలి. వారంలో సగం రోజులు రాళ్ళలోనూ వాగులలోనూ గడిపేవారికి గట్టి గోడల ఏ.టి. అవసరం. బురద టైరు మన పేటలో ఇంటిబండికి తగదని నేను నిస్సంకోచంగా చెబుతాను. కొందరు యువకులకు ఈ మాట రుచించదని తెలుసు.

మా మేనల్లుడు ఆ లెక్క వేసి చూచుకొన్నాడు. అడవులకోసమే పుట్టిన ఉద్యోగం అనుకొన్న అతని తిరుగుడులో కూడా నూటికి ఎనభై అయిదు కిలోమీటర్లు తారురోడ్డే అని తేలినది. అతనే ఆశ్చర్యపోయినాడు. బురద టైర్లు అయిదింటినీ తాండూరు దగ్గర రేగడిపొలం ఉన్న స్నేహితుడి జీపుకు ఇచ్చివేసి, తాను కంపెనీ కొలతలోనే సన్నగీతల ఏ.టి. వేయించినాడు. తాండూరులో అవి వానాకాలమంతా భేషుగ్గా నడుస్తున్నవని వినికిడి. ఇతను ఇప్పుడు ఫిలింనగరు వాలులో దిగేటప్పుడు బండి రెండవ గేరులో ఉంటుంది. వీధి మలుపు తిరిగినా వచ్చినట్టు మాకు తెలియడం లేదు. గేటు చప్పుడయితే తప్ప.